తుడిచి ఇచ్చిన గింజలు

నా చిన్నప్పుడు మా పెరట్లో వసంతం పనులు పుష్యమాసంలోనే మొదలయ్యేవి. చలి ఇంకా వదలకముందే మా నాయనమ్మ గునపం బయటికి తీయించేది. మాఘంలో గింజ పడాలి, ఫాల్గుణానికి తీగ పందిరి ఎక్కాలి, ఎండలు ముదిరేసరికి కాయ కోతకు రావాలి. ఆవిడ లెక్క అది. మా ఊళ్ళో కూరగాయలమ్మే కొట్టు లేదు. సంతకు పోవాలంటే సారపాక దాకా పోవాలి, అది రోజంతా పట్టే ప్రయాణం. అందుకని వేసవిలో పెరడు కాస్తే కూర, లేకపోతే నాలుగు నెలలూ చింతపండు చారు. ఇంట్లో పిల్లలకు కూడా ఆ సంగతి తెలుసు కాబట్టి పాదులు తవ్వే రోజుల్లో ఎవరమూ బడి నుంచి వచ్చి ఆటలకు పోయేవాళ్ళం కాదు.

మా వాళ్ళు కృష్ణ ఒడ్డు నుంచి వచ్చినవాళ్ళు. నేను పుట్టకముందే అక్కడున్న కాస్త పొలం అమ్ముకుని, భద్రాచలం వైపు అడవి అంచున భూమి సంపాదించి, మిరప, పత్తి వేయడం మొదలుపెట్టారు. ఊరు దాటితే పొలాలు, పొలాలు దాటితే అడవి, ఆ రెంటికీ మధ్య ఒక గూడెం. గూడెం వాళ్ళు ఎప్పటినుంచో అక్కడే ఉన్నవాళ్ళు. వాళ్ళ పక్కకు వచ్చి చేరింది మేము. కానీ మా ఇళ్ళలో మాటలు వింటే మాత్రం వాళ్ళే మా పక్కకు వచ్చి పడ్డట్టు ఉండేది. ఇది నాకు చాలా పెద్దయ్యాక తట్టింది. అప్పట్లో తట్టలేదు.

పెరటి పనికి ఏటా గూడెం నుంచి ఒకావిడ వచ్చేది. నేను ఆమెను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ తొందర లేనట్టు నడిచేది, కానీ సాయంత్రానికి చూస్తే ఇద్దరు మగవాళ్ళ పని అయిపోయి ఉండేది. మోకాలి లోతు పాదులు తవ్వి, వాటిని వారం పది రోజులు ఎండకు వదిలేసేది. తర్వాత ఎండుటాకులు, పుల్లలు పాదు నిండా వేసి నిప్పు పెట్టేది. మట్టిలోని పురుగూ గుడ్లూ అన్నీ కాలిపోవాలి. ఆ మీద పశువుల ఎరువు, బూడిద, చెరువు మట్టి కలిపి నింపి, నీళ్ళు పోసి మగ్గనిచ్చేది. ఆ తర్వాతే గింజ. ఈ పద్ధతిలో కొంత మా నాయనమ్మది, కొంత పెద్దమ్మది. కాల్చడం మాత్రం పెద్దమ్మే నేర్పిందని నాయనమ్మ చెప్పేది. ఎవరి దగ్గర నేర్చుకుందో చెప్పుకోవడానికి నాయనమ్మ ఎప్పుడూ మొహమాటపడలేదు.

పెద్దమ్మ వస్తూ వస్తూ నాకు ఏదో ఒకటి తెచ్చేది. తునికి పండ్లో, ఉసిరికాయలో, ఒకసారి వెదురుతో అల్లిన చిన్న బుట్ట. నేను ఆ ఇంట్లో ఒక్కదాన్నే ఆడపిల్లను, పైగా నల్లగా ఉన్నానని, మొండిదాన్నని అందరూ అనేవాళ్ళు. పెద్దమ్మ ఒక్కతే నన్ను చూసి ఏ పేరూ పెట్టలేదు. పక్కన కూర్చోబెట్టుకుని పని చేసుకునేది, అంతే. నాకు ఆమె అంటే ప్రాణంగా ఉండేది.

నాకు పదేళ్ళప్పుడు వానలు మొహం చాటేశాయి. మా మిరప సగానికి సగం ఎండిపోయింది గానీ మాకు బావి ఉంది, గాదెలో పాత ధాన్యం ఉంది. గూడెంలో అవి లేవు. వాళ్ళ జొన్న గింజ పట్టలేదు, బొబ్బర్లు పూత మీదే మాడిపోయాయి. అడవిలో గడ్డలు తవ్వుకొచ్చి, చేదు పోయేదాకా నానబెట్టి, ఉడకబెట్టి తింటున్నారని పెద్దమ్మ పని చేస్తూ చేస్తూ చెప్పింది. ఏదో ఊరి సంగతి చెప్పినట్టు చెప్పింది. ఆమె ఇంట్లో ముసలి అత్త, మూడేళ్ళ మనవరాలు ఉండేవాళ్ళు. ఆ పిల్ల తల్లిదండ్రులు వెదురు నరికే పనికి అడవి లోపలికి పోయి నెలల తరబడి అక్కడే ఉండేవాళ్ళు. ముసలామెను గూడెంలో అందరూ అవ్వ అనేవాళ్ళు.

ఆ యేడు పాదులు తవ్వడం అయ్యాక పెద్దమ్మ నాయనమ్మను ఒకటి అడిగింది. తన గుడిసె వెనక కూడా నాలుగు పాదులు తవ్వుకున్నానని, దడి పొడుగునా పెట్టుకోవడానికి బొబ్బర్ల విత్తనం కావాలని. ఇంట్లో విత్తనమే లేకుండా పోవడం ఆమెకు అదే మొదటిసారి అట. అడగడానికి ఆమె ఎంత సిగ్గుపడిందో నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. కూలి అడిగేటప్పుడు అలా తల దించేది కాదు.

ఇక్కడ విత్తనం గురించి ఒక మాట చెప్పాలి. ఆ గూడెంలో ఎంత కరువొచ్చినా విత్తనం తినరు. అది నేలకు చెందింది, మన దగ్గర ఊరికే దాచిపెట్టి ఉంది, అంతే అనుకుంటారు. ఎవరైనా తింటే నేలతల్లి ఊరుకోదని వాళ్ళ నమ్మకం. మా వాళ్ళు దీన్ని విని నవ్వేవాళ్ళు. కానీ ఆలోచిస్తే ఆ కట్టుబాటే లేకపోతే ఒక్క చెడ్డ ఏడాదితో గూడెం మొత్తం మళ్ళీ విత్తుకోలేని స్థితికి వచ్చి ఉండేది. అది మూఢత్వం కాదు, బతకడం తెలిసినవాళ్ళ మాట.

మా ఇంట్లో విత్తనాలు అంతకుముందు బూడిదలో కలిపి కుండలో పెట్టేవాళ్ళు. ఆ యేడు మా నాన్న ఖమ్మం నుంచి పత్తికి తెచ్చిన మందుపొడి మిగిలితే, పుచ్చు పట్టకుండా ఉంటుందని విత్తనాల్లో కలిపేశాడు. బూడిదకు ఏం వచ్చిందిరా అని నాయనమ్మ సణిగింది. కాలం మారిందమ్మా అన్నాడు నాన్న. రేకు డబ్బాలో బొబ్బర్లన్నీ తెల్లటి దుమ్ము పట్టి, మూత తీస్తే ముక్కు పుటాలకు తగిలే వాసనతో ఉండేవి.

పెద్దమ్మకు విత్తనం ఇవ్వాల్సిన రోజు నాయనమ్మకు జ్వరం. మంచం మీద నుంచే నన్ను పిలిచి చెప్పింది. డబ్బాలోంచి తవ్వెడు బొబ్బర్లు ఇవ్వమంది. మందు కలిపినవని చెప్పమంది. నాటడానికే తప్ప నోట్లో పెట్టకూడదని, నాటాక చేతులు కడుక్కోమని చెప్పమంది. రెండుసార్లు చెప్పించుకుంది కూడా. నేను అప్పజెప్పాను, పాఠం అప్పజెప్పినట్టు.

వసారాలోకి వెళ్ళి డబ్బా మూత తీశాను. ఆ గింజలు చూస్తే నాకు నచ్చలేదు. బూజు పట్టినట్టు, ఎవరో పారేసినవి ఏరుకొచ్చినట్టు ఉన్నాయి. నాకు ఏ వస్తువు తెచ్చినా తుడిచి, ఆకులో చుట్టి ఇచ్చే మనిషికి ఇలాంటివా ఇవ్వడం అనిపించింది. చేటలో పోసి చెరిగాను. పాత చీర పేలిక తీసుకుని గుప్పెడు గుప్పెడు తీసి తుడిచాను. ఎంతసేపు పట్టిందో గుర్తు లేదు. చివరికి ఎర్రటి గింజలు నిగనిగలాడుతూ బయటపడ్డాయి. నా చేతులు కంపు కొడుతుంటే కడుక్కున్నాను. చేతులు కడుక్కోవాలని నాకు తెలుసు మరి. ఈ వాక్యం రాయడానికి కూడా నాకు సిగ్గుగా ఉంది.

పెద్దమ్మ కొంగు పట్టింది. నేను పోశాను. ఆమె ఒక గింజ తీసి వెలుతురులో తిప్పి చూసింది. "ఎంత సక్కగున్నయ్ బిడ్డా. గిసుంటి ఇత్తనం మా గూడెంల ఎవరింట్ల లేదు" అంది.

నా చేతి పనిని ఎవరూ అలా మెచ్చుకోలేదు అంతకుముందు. మందు మాట నా నోటి దాకా వచ్చింది. చెబితే ఆ ముఖం మారుతుంది. మందు గింజలిచ్చావా అంటుంది. ఇంత కష్టపడి తుడిచింది బూడిదలో పోసినట్టవుతుంది. తర్వాత చెబుదాంలే, నాటేటప్పుడు చెబుదాంలే అనుకున్నాను. ఆమె కొంగు ముడి వేసుకుని వెళ్ళిపోయింది. నాయనమ్మ మంచం మీద నుంచి ఇచ్చావా అని అడిగితే ఇచ్చానన్నాను. అది అబద్ధం కాదు.

మూడో రోజు పెద్దమ్మ మా పెరట్లో పాదులు కాలుస్తోంది. పొద్దు నడినెత్తికి ఇంకా రాలేదు. గూడెం నుంచి ఒకావిడ పరుగెత్తుకుంటూ వచ్చి దడి అవతలి నుంచే వాళ్ళ భాషలో ఏదో అరిచింది. పెద్దమ్మ చేతిలోని పుల్లను మంటలో వదిలేసి, దడి ముళ్ళు కాళ్ళకు గీరుకుంటున్నా చూడకుండా పరుగెత్తింది. ఆమె పరుగెత్తడం నేను అదే చూడటం.

జరిగింది ఇది. పొద్దున పెద్దమ్మ పనికి వచ్చాక మనవరాలు ఆకలికి ఏడ్చింది. ఇంట్లో గడ్డలు కూడా అయిపోయాయి. అవ్వ చాలాసేపు ఓర్చుకుని, చివరికి చూరు కింద వేలాడదీసిన విత్తనాల మూటలోంచి పిడికెడు బొబ్బర్లు తీసి ఉడకబెట్టింది. నీళ్ళు పారబోయకుండా జావలాగా చేసింది, కరువులో నీళ్ళు కూడా కడుపు నింపుతాయి కదా. పిల్లకు వేడిగా ఉందని చల్లారబెడుతూ, సరిగా ఉడికాయా లేదా అని తాను ముందు తింది. పిల్ల రెండు ముద్దలు తిందో లేదో అవ్వకు వాంతులు మొదలయ్యాయి, తర్వాత కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం మొదలైంది. సాయంత్రం కాకముందే ప్రాణం పోయింది. పిల్లను మాత్రం సారపాక కాగితం మిల్లుకు వెదురు తీసుకుపోతున్న లారీ ఒకటి ఆపి ఎక్కించారు. ఆ డ్రైవరు ఎవరో గానీ, మిల్లు దగ్గర ఆగకుండా వంతెన దాటించి భద్రాచలం దవాఖానాకు నేరుగా చేర్చాడట. పిల్ల బతికింది.

ఆ సాయంత్రానికి ఈ సంగతంతా మా ఇంటికి తెలిసింది. నాయనమ్మ నన్ను దగ్గరకు పిలిచి మెల్లగా అడిగింది.

"మందు సంగతి చెప్పే ఇచ్చావుగా?"

నేను చెప్పానన్నాను. ఆవిడ నా ముఖం వంక ఒక క్షణం చూసి, కళ్ళు మూసుకుంది. నమ్మిందని అనుకున్నాను. ఎన్నో ఏళ్ళ తర్వాత తెలిసింది నాకు, నమ్మడం ఆవిడకు కూడా అవసరమైందని. నాన్న మాత్రం ఊపిరి పీల్చుకున్నాడు. చెప్పి ఇచ్చాం, చెప్పినా తిన్నారు, ఆకలి అలాంటిది, మనమేం చేస్తాం అన్నాడు. ఇక ఈ మాట గుమ్మం దాటకూడదని అందరికీ చెప్పాడు. మందు మనదేనని తెలిస్తే గూడెం మొత్తం తిరగబడుతుందని ఆయన భయం. పొలంలో పత్తి ఇంకా తీయాల్సి ఉంది, తీసేది వాళ్ళే.

గూడెంలో మరో కథ తయారైంది. ఉడికిన బొబ్బర్లు కుండలో కనిపించాయి. విత్తనం తిన్నదని తెలిసిపోయింది. విత్తనం తిన్న రోజే, తిన్న పూటే పోయింది. ఇంకేం సాక్ష్యం కావాలి? నేలతల్లి కొట్టిందన్నారు. నేల కొట్టినవాళ్ళకు ఆ గూడెంలో డోలు మోగదు, దినం చేయరు. అవ్వ ఎనభై ఏళ్ళు బతికిన మనిషి. గూడెంలో సగం మందికి ఆమే పురుడు పోసింది. ఆమెను నలుగురు మోసుకుపోయి, చప్పుడు లేకుండా పూడ్చి వచ్చారట. పెద్దమ్మను ఆ యేడు ఏ విత్తనమూ ముట్టుకోవద్దన్నారు. ఇవన్నీ అమ్మ వంటింట్లో నాయనమ్మతో చెబుతుంటే గోడ వెనక నుంచి విన్నాను.

అలా ఒక చావుకు రెండు కథలు. మా ఇంట్లోదీ అబద్ధమే, గూడెంలోదీ అబద్ధమే. రెండింట్లోనూ తప్పు చచ్చిపోయిన ఆ ముసలిదాని నెత్తినే పడింది. నిజం నా ఒక్కదానికే తెలుసు. నాకు పదేళ్ళు. పదేళ్ళు చిన్న వయసే అని ఇప్పుడు మీరు అనొచ్చు. కానీ ఏది నిజమో తెలియనంత చిన్న వయసు కాదు అది.

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో చెప్పాలంటే, ఎవరు పిలిచినా ఉలిక్కిపడేదాన్ని. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరు బొబ్బర్ల పేరెత్తినా అక్కడి నుంచి లేచి వెళ్ళిపోయేదాన్ని. ప్రతి పొద్దునా ఇవాళ చెబుతాను అనుకునేదాన్ని. మధ్యాహ్నానికి, చెప్పినంత మాత్రాన అవ్వ లేచి వస్తుందా అనుకునేదాన్ని. ఈ రెండో మాట ఎంత తెలివిగా తోచేదో. పిరికితనం ఎప్పుడూ తెలివి వేషమే వేసుకుని వస్తుంది, అది నాకు అప్పుడే తెలియాల్సింది.

మా పెరట్లో పాదులు సగం కాలి, సగం కాలక అలాగే పడి ఉన్నాయి. ఆ చావు తర్వాత గూడెం నుంచి ఎవరూ పెరటి పనికి రావడం లేదు. నాయనమ్మకు జ్వరం తగ్గాక, ఇక తప్పదని ఆవిడే గునపం పట్టుకుంది. ఎరువు గంప దించుకోవడానికి వసారా మెట్టు దగ్గరకు వచ్చిన మనిషి అక్కడే వంగి ఉండిపోయింది. ఆ రోజు నేను గింజలు తుడిచిన పేలికను ఆ మెట్టు కిందే దోపాను. దాని చుట్టూ చీమలు వందలకొద్దీ చచ్చి పడి ఉన్నాయి. పేలిక చుట్టూ నల్లటి గీత గీసినట్టుగా.

నాయనమ్మ అరవలేదు. కొట్టలేదు. చేతులు కడుక్కుని వచ్చి, రేకు డబ్బా, చేట తెచ్చి వసారాలో పెట్టింది. ఇంకో పాత గుడ్డ కూడా పక్కన పెట్టింది. నన్ను పిలిచి ఎదురుగా కూర్చుంది.

"ఆ రోజు పెద్దమ్మకు ఎలా ఇచ్చావో, అచ్చం అలాగే నాకివ్వు" అంది.

ఆవిడ మాట కాదనే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు. డబ్బా మూత తీశాను. చేటలో గింజలు పోసి చెరిగాను. గుడ్డ తీసుకుని తుడిచాను. నా చేతులు వాటంతట అవే ఆ పని చేసుకుపోతున్నాయి, నేను ఆపలేకపోతున్నాను. నాయనమ్మ తన కొంగు చాపింది. పెద్దమ్మ చాపినట్టే. నేను గింజలు పోశాను.

ఆవిడ కొంగు ముడి వేయలేదు. అలాగే చాపి పట్టుకుని నా నోటి వంక చూస్తూ ఉండిపోయింది. అక్కడ నేను చెప్పాల్సిన మాట ఒకటుంది. దాని కోసం చూస్తోంది. నేను నోరు తెరవలేదు, ఎందుకంటే ఆ రోజు తెరవలేదు. అచ్చం అలాగే ఇవ్వమంది కదా. ఒక గింజ కొంగులోంచి జారి నేల మీద పడింది. అప్పుడు నాకు ఏడుపు వచ్చింది.

ఏడుపు అయ్యేదాకా ఆగి, ఆవిడ నా మణికట్టు పట్టుకుని లేపింది. నాన్న పొలంలో ఉన్నాడు. అమ్మ గుమ్మంలో అడ్డంగా నిలబడి, ఆయన వచ్చాక అడిగి వెళ్ళండి అత్తయ్యా అని బతిమాలింది. వాళ్ళు పిల్లను ఏమైనా చేస్తే అంది. నాయనమ్మ పక్క నుంచి దాటుకుని నడిచింది. జ్వరం నుంచి లేచిన మనిషి, దారిలో రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకుంది గానీ నా మణికట్టు వదల్లేదు. అవ్వ పోయి అప్పటికి తొమ్మిది రోజులు.

పెద్దమ్మ గుడిసె వెనక ఉంది. తన పాదులు పూడ్చేస్తోంది. వసంతానికని తవ్వి, కాల్చి, సిద్ధం చేసుకున్న నాలుగు పాదుల్లో రెండు అప్పటికే పూడిపోయి ఉన్నాయి. మూడోదాంట్లోకి మట్టి కాలితో తోస్తోంది. విత్తనం ముట్టుకోకూడని ఇంటికి పాదులెందుకు? మమ్మల్ని చూసి ఆగింది. కూర్చోమంది. నాయనమ్మ కూర్చోలేదు. నన్ను ముందుకు నెట్టింది, అంతే. ఒక్క మాట కూడా తాను కలపలేదు, సాయం చేయలేదు.

నేను చెప్పాను. మందు కలిపిన సంగతి, తుడిచిన సంగతి, చెప్పమంటే చెప్పని సంగతి, చెప్పానని అబద్ధమాడిన సంగతి. పెద్దమ్మ విన్నది. వాసన వచ్చింది గానీ మీ ఇంటి డబ్బా వాసనేమో అనుకున్నానంది, తనలో తాను అనుకుంటున్నట్టు. తర్వాత గూడెం పెద్దను పిలుచుకొచ్చింది. నలుగురైదుగురు పోగయ్యారు. మళ్ళీ చెప్పమంది. వాళ్ళందరి ముందు మళ్ళీ చెప్పాను. ఎవరైనా కొడతారేమోనని చూశాను. నిజం చెప్పాలంటే కొడితే బాగుండుననిపించింది.

గూడెం పెద్ద బాగా ముసలివాడు. చేతికర్ర మీద గడ్డం ఆనించి విన్నాడు.

"ఆకలైన పోరి కోసం పిడికెడు ఉడకేస్తే నేల గంత కోపం జేస్తదా అని నాకప్పుడే అనిపించింది. గని సచ్చింది గదా అని నోరు మూసుకున్న" అన్నాడు. తర్వాత వాళ్ళ భాషలో ఏదో చెప్పాడు. ఆడవాళ్ళు ఒక్కసారిగా ఏడవడం మొదలుపెట్టారు. తొమ్మిది రోజులుగా అవ్వ కోసం ఎవరూ బయటికి ఏడవలేదని అప్పుడే తెలిసింది నాకు. నేల కొట్టినదాని కోసం ఏడవకూడదట.

పెద్దమ్మ ఏడవలేదు. నా దగ్గరకు వచ్చి, కూర్చుని, నా కళ్ళు తన కళ్ళకు సమానంగా ఉండేలా చూసుకుంది. ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే నేను ఈ వయసుకు ఆ మాట మరిచిపోయి ఉండేదాన్నేమో.

"తుడిచినందుకు నిన్నేం అన. మంచిగియ్యాలనే తుడిచినవ్. చెప్పనందుకు గూడ అన, పోరివి. గని మా అవ్వ పోయినంక తొమ్మిది దినాలు ఎందుకాగినవ్ బిడ్డా?"

నేను నాయనమ్మ వంక చూశాను. ఆవిడ నా బదులు చెబుతుందేమోనని. ఆవిడ తల దించుకుని ఉంది. పెద్దమ్మ జవాబు కోసం కాసేపు చూసి, లేచి వెళ్ళిపోయింది.

తిరిగి వస్తూ నాయనమ్మ ఒక్కటే మాట అంది, ఆ ప్రశ్న తనకు కూడానని. చెప్పానని నేను అన్న సాయంత్రం తనకు అనుమానం వచ్చిందట. అనుమానం వచ్చి కూడా, నమ్మితే సుఖంగా ఉంటుందని నమ్మిందట. ఆ ఇంట్లో అందరికంటే పెద్దది, నా ఎదుట అలా ఒప్పుకోవాల్సిన అవసరం ఆవిడకు లేదు. కానీ ఒప్పుకుంది. ఎవరైనా నాకు ఏదైనా నేర్పారంటే అది ఆవిడ ఆ దారిలో నేర్పిందే.

మర్నాడు పొద్దున గూడెం వైపు నుంచి డోలు వినిపించింది. చీకటి పడేదాకా ఆగలేదు. నాన్న వసారాలో అటూ ఇటూ తిరుగుతూ, ఇంటి పరువు గూడెంలో పెట్టి వచ్చారని నాయనమ్మ మీద ఎగిరాడు. ఆవిడ పొలం నుంచి మా జీతగాణ్ణి పిలిపించి, పెరటి చివర నడుము లోతు గొయ్యి ఒకటి తవ్వించి, డబ్బాలోని విత్తనాలన్నీ అందులో పోయించి పూడ్పించింది. మా వాళ్ళు భయపడ్డట్టు గూడెం తిరగబడలేదు. ఊరికే ఇక మా పనికి రావడమే మానేశారు. ఆ యేడు పత్తి సగం చెట్ల మీదే పోయింది. పెరట్లో ఒక్క గింజా పడలేదు. నాటడానికి వేరే విత్తనం ఎవరినైనా అడిగి తెచ్చుకోవచ్చు, తెచ్చుకోలేదు. వెదురు గడలు పాతి సిద్ధంగా ఉంచిన పందిరి ఎండాకాలమంతా ఉత్తదిగా నిలబడింది. మేము చారన్నం తిన్నాం. ఎవరూ కూర ఏదని అడగలేదు.

పెద్దమ్మ మళ్ళీ మా ఇంటికి రాలేదు. సంతలో ఒకటి రెండుసార్లు ఎదురైంది. పలకరిస్తే పలికేది. మనవరాలు బాగుందా అంటే బాగుందనేది. ఒకసారి నా తల మీద చెయ్యి కూడా వేసింది. కానీ మునుపటిలా పక్కన కూర్చోబెట్టుకోలేదు. నేను పెళ్ళై ఆ ఊరు విడిచి వచ్చిన కొన్నేళ్ళకు ఆమె పోయిందని తెలిసింది.

ఇప్పుడు నాకు మనవలున్నారు, ఇంటి వెనక నాలుగు సెంట్ల పెరడుంది. పుష్యం వెళ్ళేలోపు పాదులు తవ్విస్తాను, కాల్పిస్తాను. ఎవరు విత్తనం అడిగినా ఇస్తాను, ఇచ్చేముందు ఎక్కడివి, ఏం కలిపాను, ఏం కలపలేదు అన్నీ చెప్పి, తిరిగి వాళ్ళ చేత చెప్పిస్తాను. అత్తయ్య గింజలకంటే ఉపన్యాసమే ఎక్కువ పెడుతుందని మా కోడలు నవ్వుతుంది. నవ్వనీ. చెప్పి ఇవ్వడం ఎవరైనా నేర్చుకోగలరు, అదేమంత పెద్ద విద్య కాదు. నన్ను వదలనిది అది కాదు.

తప్పు జరిగాక ఆగిన రోజులు. ఆ తొమ్మిది రోజులూ నేను బతికే ఉన్నాను, తిన్నాను, నిద్రపోయాను. అక్కడ ఒక ముసలామె ఏడ్చేవాళ్ళు కూడా లేకుండా మట్టి కింద ఉంది. ఆ తర్వాత జీవితంలో నేను తప్పులు చేయలేదని కాదు, చాలా చేశాను. ఒక్కటి మాత్రం, చేసింది చెప్పడానికి రెండో పొద్దు దాకా ఆగలేదు. దానివల్ల కొన్ని స్నేహాలు పోయాయి, ఒకసారి ఇల్లే పోయినంత పనైంది. అయినా ఆగలేదు. పెద్దమ్మ అడిగిన ఆ ప్రశ్నకు మాత్రం జవాబు ఇంకా వెతుక్కుంటూనే ఉన్నాను. భయమని అనుకున్నాను, పిల్లతనమని అనుకున్నాను. ఏదీ ఆమె ఎదుట కూర్చుని, ఆమె కళ్ళలోకి చూస్తూ చెప్పగలిగిన జవాబు కాదు. ఒకవేళ ఎప్పుడైనా దొరికినా, వినడానికి ఆమె లేదు.